ఉమ్మడి న్యూట్రల్

యేసుకుమార్ తన గదిలో లైటు వేసినప్పుడల్లా పక్కింట్లో ఎవరో ఒకరు దేవుణ్ణి తలుచుకుంటున్నారు. భక్తితో మాత్రం కాదు.

వారం రోజులుగా ఇదే వరస. ఇతను స్విచ్ వెయ్యడం, బల్బు ఒక్కసారి కన్ను కొట్టి ఆరిపోవడం, గోడవతల "ఓరి దేవుడో, మళ్ళీ పోయింది!" అని కేక. మిగతా ఇంట్లో లైట్లన్నీ నిక్షేపంగా వెలుగుతున్నాయి. కుమార్ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు అమ్మే కొట్లో పనిచేస్తాడు. అక్కడ ఏది పాడైనా ముందు స్పానర్‌తో ఒకటి కొట్టి చూస్తారు. బల్బు విషయంలో ఆ వైద్యం కుదరదు కాబట్టి రెండు బల్బులు మార్చి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ఇబ్రహీంపట్నంలో వాన దంచేస్తోంది. కుమార్ స్విచ్ వేశాడు. బల్బు కన్ను కొట్టింది. మరుక్షణం పిట్టగోడ మీద ఒక నల్ల గొడుగు, దాని కింద ఒక మొహం, ఆ మొహం పక్కన జడలో దోపిన టెస్టరు ప్రత్యక్షమయ్యాయి.

"ఏవండీ పక్కింటాయన గారూ! ఇప్పుడు లైటు వేసింది మీరేనా?"

"నేనేనండీ."

"ఆర్పండి."

"అదే ఆరిపోయింది కదండీ!"

"బల్బు కాదు మహానుభావా, స్విచ్! మీరు స్విచ్ ఆర్పితే తప్ప మా ఇంట్లో కరెంటు నిలబడట్లేదు."

కుమార్ ఆర్పాడు. ఆమె లోపలికి పరిగెత్తింది. పక్కిల్లు వెలిగింది. మళ్ళీ గొడుగు వచ్చింది. "ఇప్పుడు వెయ్యండి." వేశాడు. ఇతని గదీ, వాళ్ళ ఇల్లూ ఒకేసారి చీకటయ్యాయి.

"దొరికాడు దొంగ!" అంది పక్కింటి రూతు సంబరంగా.

చీకట్లోంచి ఆమె తండ్రి పుల్లయ్య గొంతు వినిపించింది. "పాత ఫ్యూజులే నయమే తల్లీ! నీ చదువు చల్లగుండా, అన్నం ఏదో కూర ఏదో తెలియట్లేదు!"

వాన కారుతున్న గొడుగు కింద రూతు నాలుక కరుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి కుమార్ స్విచ్ ఆర్పడం మర్చిపోయాడు.

నిజానికి వీళ్ళిద్దరూ కొత్తవాళ్ళు కాదు. చిన్నప్పుడు "ఒసే", "ఒరే" అనుకున్నవాళ్ళే. ఈ 'అండీ'లూ 'గారూ'లూ ఆరేళ్ళ నాటి గొడవ తెచ్చిపెట్టిన మర్యాదలు.

కుమార్ తండ్రి జోజయ్య, రూతు తండ్రి పుల్లయ్య థర్మల్ స్టేషన్లో ఒకే షిఫ్టు, ఒకే స్కూటరు. ఒకరిది కేథలిక్కుల ఆర్.సి.ఎం. గుడి, ఇంకొకరిది ప్రొటెస్టెంట్ల సి.ఎస్.ఐ. చర్చి అయినా కేకు మాత్రం కలిసే కోసేవారు. కలిసి స్థలం కొన్నారు, ఒకే మేస్త్రీతో ఒకే కప్పు కింద చెరి సగం ఇల్లు కట్టించారు. తర్వాత కాలనీ క్లబ్బు సెక్రటరీ ఎన్నిక వచ్చింది. చేతులెత్తే పద్ధతి. జోజయ్య నిలబడ్డాడు. ఆయన మీద నిలబడింది సాక్షాత్తూ పుల్లయ్య బావమరిది. ఇంటికెళ్ళి అన్నం తినాల్సిన మనిషి కాబట్టి పుల్లయ్య రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, "నేను న్యూట్రల్" అన్నాడు.

జోజయ్య ఒక్క ఓటుతో ఓడిపోయాడు. పుల్లయ్య చెయ్యెత్తినా ఓట్లు సమానమయ్యేవే గానీ గెలిచేవాడు కాదు. ఈ లెక్క ఆయనకి చెప్పే ధైర్యం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

ఆనాటి నుంచి జోజయ్య ఇంట్లో 'న్యూట్రల్' అనే మాట నిషేధం. క్రికెట్ కామెంటరీలో ఎవరైనా న్యూట్రల్ అంపైర్ అంటే టీవీ కట్టేస్తాడు. గేర్‌బాక్సుల కొట్లో పనిచేసే కుమార్ కూడా ఇంట్లో మాట్లాడేటప్పుడు 'ఒకటికీ రెండుకీ మధ్యది' అనాల్సిందే.

రూతు ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి గవర్నర్‌పేటలో స్విచ్‌గేర్ షాపులో చేరింది. ఉద్యోగం రాగానే చేసిన మొదటి ఘనకార్యం, ఇంట్లో పింగాణీ ఫ్యూజులు పీకించి కొత్త పెట్టె పెట్టించడం.

"ఏముంటుందండీ ఆ పెట్టెలో?" మర్నాడు సాయంత్రం గోడ దగ్గర అడిగాడు కుమార్. అడగడానికి ముందు లైటు ఒకసారి వేసి ఆర్పాడు. ఆమె బయటికి రావాలి కదా.

"పాత ఫ్యూజు అంటే తీగముక్క. కరెంటు ఎక్కువైతే కాలిపోతుంది. కాలినప్పుడల్లా మా నాన్న ఇంకాస్త లావు తీగ చుట్టేవాడు. అలా చుడితే చివరికి తీగ మిగులుతుంది, ఇల్లు కాలుతుంది."

"మరి కొత్తది?"

"చిన్న చిన్న స్విచ్చులుంటాయి చూడండీ, వాటిని ఎమ్‌సీబీలంటారు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా టప్పున పడిపోతాయి. తప్పు సరిచేసి పైకి లేపితే మళ్ళీ మామూలే."

"మా అమ్మ శౌరమ్మ అంతే."

"కానీ అవి కాపాడేది వైర్లని. మనిషికి షాక్ కొడితే వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మనిషి కోసం ఈఎల్‌సీబీ ఉంది. వెళ్ళిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. రవ్వంత తేడా వచ్చినా, ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందనుకుని ఇల్లంతా ఆపేస్తుంది."

"అనుమానప్పక్షి అన్నమాట."

"ఆ అనుమానమే ప్రాణం కాపాడేది. ఇక పక్కన పెద్ద స్విచ్, ఐసోలేటర్. తనంతట తాను చచ్చినా పడదు. ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి."

"అచ్చం నేనే!" అన్నాడు కుమార్. ఆమె అతని వంక ఓ చూపు చూసింది. ఆ చూపుకి ఏ ఎమ్‌సీబీ అయినా పడిపోవాలి.

"ఇంతకీ మా బల్బు చేసిన పాపమేంటండీ?"

"మీ బల్బుకి కరెంటు మీ ఇంట్లోంచే వెళ్తోంది. తిరిగి రావడం మాత్రం మా ఇంట్లోంచి. 'నేను పంపని కరెంటు నా దగ్గరికెందుకొచ్చింది' అని మా ఈఎల్‌సీబీ పడిపోతోంది. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ ఈ గోడలో రెండు ఇళ్ళకీ కలిపి ఒకటే..."

"ఒకటే?"

"ఆ మాట మీ ఇంటి వైపు తిరిగి అనకూడదుగా. ఒకటికీ రెండుకీ మధ్యది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గోడకి రెండు వైపులా ఇద్దరు తండ్రులు ఒకేసారి దగ్గారు.

కారణం తెలిశాక బుద్ధున్నవాడెవడైనా ఆ లైటు వెయ్యడం మానేస్తాడు. కుమార్ మాత్రం దాన్ని కాలింగ్ బెల్ చేసుకున్నాడు. రోజూ పొద్దుగూకగానే స్విచ్ వేస్తాడు. పక్కిల్లు చీకటవుతుంది. పుల్లయ్య అరుస్తాడు. రూతు గోడ దగ్గరికొస్తుంది.

"పొరపాటున చెయ్యి తగిలిందండీ."

"రోజూ సరిగ్గా నేను షాపు నుంచి రాగానే తగులుతుందేంటండీ మీ చెయ్యి?"

తిడుతూనే పావుగంట నిలబడేది. కుమార్ చెప్పాలనుకున్న మాట మాత్రం గొంతు దాటేది కాదు.

ఒక రోజు ఆమె నవ్వలేదు. "మా నాన్న ఆదివారం ఈఎల్‌సీబీ పీకించేస్తానంటున్నాడు. డైరెక్ట్ ఇచ్చేస్తాడట. మొన్న మా అమ్మ తడి చేత్తో గ్రైండర్ పట్టుకుంది. అది పడబట్టి మనిషి దక్కింది. మీకిది ఆటగా ఉందేమో, నాకు కాదు. వైరింగ్ విడదియ్యాలంటే మీ గదిలో గోడ విప్పాలి. మీ నాన్నని ఒప్పించండి. లేకపోతే ఇంకెప్పుడూ గోడ దగ్గరికి రాను."

కుమార్‌కి సిగ్గేసింది. తన సరదా కోసం వాళ్ళ ఇంట్లో ఒక ప్రాణానికి ఉన్న కాపలా తీయించేస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం తండ్రి ముందు నిలబడ్డాడు. "నాన్నా, నా గదిలో వైరింగ్ తేడాగా ఉంది. రూతు చూసి సరిచేస్తానంటోంది. మన రెండిళ్ళకీ ఆ... ఒకటికీ రెండుకీ మధ్యది కలిసిపోయిందట."

జోజయ్య ఒంటికాలి మీద లేచాడు. "ఎవరి మధ్యన ఏం కలిసింది? నా గోడ మీద పుల్లయ్య మనిషి చెయ్యి వెయ్యడానికి వీల్లేదు! ఒక బల్బు మార్చడానికి ఇంత రాద్ధాంతమా? శౌరమ్మా, స్టూలు తే!"

"ఆ కొవ్వొత్తి వెలిగించుకుంటే పోదా?" అంది శౌరమ్మ. "గుణదల మాతకి మొక్కిన కట్ట ఇంకా మిగిలే ఉంది. ఈ కొంపలో కరెంటు కంటే అదే నమ్మకం."

జోజయ్య వినలేదు. కుమార్ గదిలోకెళ్ళి స్విచ్ వేసి చూశాడు. బల్బు కన్ను కొట్టి ఆరింది. పక్కింట్లో కేక మామూలే. స్విచ్ అలాగే వదిలేసి స్టూలెక్కాడు, బల్బు ఊడదీశాడు, హోల్డరులో ఏదో అడ్డం పడిందని వేలు పెట్టబోయాడు.

"ముట్టుకోకండి మావయ్యా!"

కిటికీ అవతల రూతు. తిట్టడానికి వచ్చిన మనిషి తెల్లబోయి నిలబడలేదు. గోడ దూకింది, వరండాలోకొచ్చింది, మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. ఇల్లంతా చీకటి. స్టూలు మీద జోజయ్య వేలు గాల్లోనే ఉంది.

"ఆరిపోయిన లైటేగా!" అన్నాడాయన, గొంతు కాస్త తగ్గించి.

"లైటు ఆరింది మావయ్యా, కరెంటు ఆరలేదు. కిందికి దిగండి, చూపిస్తాను."

ఆయన దిగాక మెయిన్ వేయించి, స్టూలెక్కి హోల్డరులో టెస్టరు ఆనించింది. టెస్టరు ఎర్రగా వెలిగింది. జోజయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"వెళ్ళే వైరు ఇక్కడ బతికే ఉంది. తిరిగొచ్చే వైరే మా ఇంట్లో ఆగిపోయింది. ఆ వైరు పేరు..." రూతు ఆగిపోయింది.

జోజయ్య మంచం మీద కూలబడ్డాడు. ఆరేళ్ళ తర్వాత ఈ పిల్ల నోట 'మావయ్యా' అన్న మాట విన్నాడు. దాని ముందు మిగతా మాటలన్నీ చిన్నవైపోయాయి.

"చెప్పవేం? సరే, నేనే చెప్తాలే. న్యూట్రల్. అంతేగా? ఆదివారం వచ్చి విప్పు."

ఆదివారం రెండు ప్రార్థనలూ అయ్యాక పని మొదలైంది. రూతు నిచ్చెన మీద, కుమార్ నిచ్చెన పట్టుకుని. తండ్రులిద్దరూ గోడకి చెరో పక్క నిలబడి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా రూతు ద్వారా దెబ్బలాడుకుంటున్నారు.

"రూతూ, ఆయన్ని టార్చి సరిగ్గా పట్టుకోమను," అన్నాడు జోజయ్య.

"రూతూ, టార్చి నాది, చెయ్యి నాది అని చెప్పు."

"ఇది విడదీశాక మన ఇళ్ళకి ఇంకే సంబంధం ఉండదు కదండీ?" అన్నాడు కుమార్ మెల్లగా.

"ఉండదు. ఎవరి లైటు వాళ్ళదే. ఇంకేమైనా చెప్పాలా?"

"అంటే... స్క్రూ డ్రైవరు కావాలా?"

రూతు నిట్టూర్చింది. "మీరింకా న్యూట్రల్‌లోనే ఉన్నారండీ. మీ కొట్లో అలా ఉన్న లారీని ఏం చేస్తారు?"

"తోస్తామండీ."

"నా వల్ల కాదు, నాకు నడుం నొప్పి." పని ముగించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కుమార్ లైటు వేశాడు. బల్బు బుద్ధిగా వెలిగింది. పక్కిల్లూ బుద్ధిగా వెలుగుతోంది. ఎవరూ దేవుణ్ణి తలుచుకోలేదు. ఇంత దిక్కుమాలిన వెలుగు అతను జన్మలో చూడలేదు. కిటికీ మూసేసి పడుకున్నాడు. మర్నాడూ అంతే.

ఆ తర్వాతి సాయంత్రం ఆటోనగర్ నుంచి వచ్చి స్కూటరు దిగుతుంటే పక్కిల్లు టప్పున ఆరిపోయింది. అతను స్విచ్ ముట్టుకోనేలేదు. గోడ దగ్గరికి పరిగెత్తాడు. రూతు అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"ఏమైందండీ? వైరు సరిగ్గా కలపలేదా?"

"నా పనికే వంక పెడతారా? ఈఎల్‌సీబీ మీద 'టీ' అని బటన్ ఉంటుంది. టెస్ట్ బటన్. నొక్కగానే పడిపోవాలి. నెలకోసారి నొక్కాలి."

"ఇవాళ నొక్కారా?"

"ఇవాళా నొక్కాను, నిన్నా నొక్కాను, మొన్నా నొక్కాను. కిటికీ మూసుకుని పడుకున్నవాళ్ళకి ఏం కనిపిస్తుంది?"

కుమార్‌కి ఒక్కసారిగా అంతా అర్థమైంది. తను పిలిచినట్టే ఆమె పిలిచింది. తనే రాలేదు.

"రూతూ," అన్నాడు, 'అండీ' ఎక్కడో జారిపోయింది. "నువ్వంటే నాకిష్టం. గొడుగేసుకుని తిట్టిన రోజు నుంచీ. కాదు, అంతకు ముందు నుంచే. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"అబ్బ! పడింది గేరు," అంది రూతు, కళ్ళు తుడుచుకుంటూ. "చేసుకుంటాను."

"ఏవిటే పడింది?" టార్చితో పుల్లయ్య. ఆ వెనకే ఇవతలి వైపు నుంచి జోజయ్య. టార్చి వెలుగు గోడ మీద కలిసున్న రెండు చేతుల మీద ఆగింది.

"జోజీ," అన్నాడు పుల్లయ్య. ఆరేళ్ళకి మొదటిసారి రూతు ద్వారా కాకుండా. "మీవాడు స్విచ్ వేస్తే మా ఇల్లు ఆరేది. ఇప్పుడు వెయ్యకపోయినా మా పిల్లే ఆర్పేస్తోంది. ఏం చేద్దాం?"

"నన్నెందుకు అడగడం? ఎటూ చెప్పని మనిషివి నువ్వు."

పుల్లయ్య టార్చి గోడ మీద పెట్టాడు. జేబులోంచి కుడి చెయ్యి తీసి, క్లబ్బులో ఎత్తాల్సినంత ఎత్తు ఎత్తాడు. "చూసుకో. ఆ రోజు ఎత్తనిది ఇవాళ ఎత్తుతున్నా. నా ఓటు మీవాడికే."

జోజయ్య ఆ చెయ్యి వంక చూశాడు. గోడ మీదుగా వంగి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు, వదల్లేదు.

"ఒరే పుల్లిగా, ఇంత లేటుగానా వెయ్యడం! సరే, పెళ్ళి మా గుళ్ళో."

"మీ గుళ్ళోనా? పిల్లనిచ్చేది నేను. మా చర్చిలో."

"ఆర్.సి.ఎం.లోనే!"

"సి.ఎస్.ఐ.లోనే! ఏరా కుమారూ, నువ్వు చెప్పు. ఎక్కడ?"

కుమార్ ఇద్దరినీ చూశాడు, రూతుని చూశాడు. "నేను... న్యూట్రల్."

"నోర్ముయ్!" అన్నారు ఇద్దరు తండ్రులూ ఒక్క గొంతుతో. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

రూతు లోపలికెళ్ళి మీట పైకి లేపింది. ఇల్లు వెలిగింది. గోడ దగ్గర వాదన ఇంకా సాగుతూనే ఉంది, గొంతులు పెరుగుతున్నాయి. ఆమె కిటికీలోంచి కుమార్ వంక చూసి, ఒక కన్ను కొట్టి, 'టీ' మీద వేలు పెట్టింది.