మినిస్టర్ గారి మోచెయ్యి

"ఇది కుక్కేనాండీ?"

పశువుల డాక్టర్ బ్లెస్సీ అడిగిన మొదటి మాట అది. బల్లమీద ఒక లాబ్రడార్, తవుడు బస్తా జారినట్టు పరుచుకుని ఉంది.

"మినిస్టరండి," అన్నాడు వెంకట్రాజు. "దాని పేరు. ఏ పనీ చెయ్యదని అలా పెట్టాం."

"ఇంత లావు ఎలా అయ్యిందండీ?"

"వారం వారం కాటా వేస్తామండి. ఒక్కసారి కూడా తగ్గలేదు," అన్నాడు గర్వంగా.

కైకలూరులో చేపల చెరువులవాళ్ళ పద్ధతి అది. వల వేసి, నాలుగు బొచ్చె చేపలు పట్టి కాటామీద పెడతారు. బరువు పెరిగితే ఇంట్లో పండగ, తగ్గితే ఎవరికీ అన్నం సహించదు. వెంకట్రాజు ఆ కాటామీదే కుక్కనీ పెట్టాడు. పెరిగింది. సంతోషించి మేత పెంచాడు. ఇంకా పెరిగింది. ఇప్పుడది ముందు కుడికాలు నేలకి ఆనించలేకపోతోంది.

బ్లెస్సీ ప్లాస్టిక్ కోణమానిని తీసి దాని మోచేతి దగ్గర పెట్టింది. "బాగున్న కుక్కకి ఇది పూర్తిగా మడుచుకోవాలండి. దీనిది సగంలోనే ఆగిపోతోంది. కీలు అరిగింది."

"మార్చేద్దామండి. అమెరికాలో మారుస్తున్నారట, నెట్ సెంటర్లో చూశాను."

"తుంటి అయితే గిన్నెలో బంతి లాంటిది, కొంత నయం. మోచేతిలో మూడు ఎముకలు కలిసి కదలాలి. అక్కడివాళ్ళకే ఇంకా సరిగ్గా కుదరడం లేదు. ముందు తిండి తగ్గించండి. రోజూ మీ చెరువులో ఈదించండి. ప్రతి సోమవారం తీసుకురండి, కొలుస్తాను."

చివరి మాట దగ్గర ఆమె తలెత్తి చూసింది. ఆ క్షణానికి మిగతా వైద్యమంతా వెంకట్రాజు మర్చిపోయాడు.

వానలు మొదలయ్యాయి. మినిస్టర్ ఈదింది. మొదట ఎవరో తోసేసినట్టు, తర్వాత చెరువు తనదే అన్నట్టు. దానికి నడుమొకటి ఉందని తెలిసింది. కొంగల్ని తరమడం మొదలుపెట్టింది. అది చూసి వెంకట్రాజుకి సంతోషం వేసింది, ఆ వెనకే దిగులు. ఇది బాగైపోతే సోమవారాలు ఎలా గడవాలి?

అతను ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అతని చేతులు తీసుకున్నాయి. క్లినిక్‌లో కాలు పట్టుకుని మడిచేది అతను, కొలిచేది బ్లెస్సీ. ఆ చేతులు సగంలో ఆగిపోయేవి. మనసేమో తనకేం సంబంధం లేనట్టు, ఆమె చెవి పక్కన నిలిచిన వానచుక్కని చూస్తూ ఉండేది.

"మళ్ళీ అంతేనాండీ?"

"అంతేనండి. మొండి కీలు."

ఒక సోమవారం ఆమె కోణమానిని బల్లమీద పడేసింది.

"ఇక లాభం లేదండి. చెన్నైలో సర్జన్‌తో మాట్లాడాను. స్టీలు ప్లేటు వేసి ఎముకలు బిగించేస్తారు. నొప్పి పోతుంది. కాలు మాత్రం ఇక జన్మలో మడవదు."

"మరి ఈత?"

"ఈతేంటండీ, ఇంక కుదరదు. రేపే పంపించెయ్యండి."

మినిస్టర్ అతని అరచెయ్యి నాకింది. వెంకట్రాజు దాని కాలు వదిలేశాడు.

"డాక్టర్ గారూ, దాని కాలు బాగానే ఉందండి. నేనే మడవనివ్వడం లేదు."

"ఎందుకండీ?"

"బాగైతే ఇంక రానక్కర్లేదంటారు కదండీ." గొంతు తగ్గింది. "ఇకమీదట రానులెండి. దాన్ని మాత్రం కొయ్యకండి."

బ్లెస్సీ కిటికీలోంచి వానని కాసేపు చూసింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అతను భయపడ్డాడు. తిరిగేసరికి నవ్వు.

"చెన్నైలో నాకెవరూ తెలియదండి."

"ఆఁ?"

"కీలు ఆగడానికీ, మనిషి ఆపడానికీ తేడా తెలియకుండానే డాక్టర్నయ్యానాండీ? రెండో వారమే తెలిసింది."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెబితే, బాగైందని పంపించెయ్యాలి కదండీ." చెంపలు ఎర్రబడ్డాయి. వెంటనే కోపం తెచ్చుకుంది. "మీరే చెబుతారేమోనని చూశాను. మీ నోరు తెరిపించడానికి కుక్కకి ఆపరేషన్ పెట్టాల్సి వచ్చింది."

మినిస్టర్ బల్లమీంచి దూకి, నాలుగు కాళ్ళమీదా నిలబడి, ఆవులించింది.

"అయితే వచ్చే సోమవారం..."

"ఆదివారం రండి. చర్చిలో ఆరాధన అయ్యాక, మా ఇంటికి. మీరు నాన్నగారితో మాట్లాడాలి."

"మినిస్టర్‌ని కూడా తీసుకురానాండీ?"

"వద్దండి. మళ్ళీ దాన్ని అడ్డం పెట్టుకుంటారు."