పళ్ళు లేని పేషెంటు

“మీ ఇంట్లో గురక ఎవరిదండీ?”

పక్క ఫ్లాటు డెంటిస్టు మెట్ల మీద ఆపి అలా అడిగేసరికి ఉష్ మేడమ్ చేతిలోని కూరల సంచి రెండు మెట్లు కిందికి జారింది.

ఆమె లైబ్రేరియన్. రీడింగ్ రూములో ఎవరు గుసగుసలాడినా పెదాల మీద వేలు పెట్టి “ఉష్” అంటుంది కాబట్టి అక్కడికొచ్చే పిల్లలు ఆ పేరు పెట్టారు. కుర్చీ కిర్రుమన్నా కన్నెర్రజేసే అలాంటి మనిషి, తన గురక గోడ దాటి వెళ్తోందని ఎలా ఒప్పుకుంటుంది? అదీ నవ్వితే బుగ్గ సొట్టపడే డెంటిస్టు ముందు.

“మా నాయనమ్మదండీ,” అంది.

“అనుకున్నాను. ఫిర్యాదు కాదండీ. గురక వినిపిస్తుంటే నాకేం బాధ లేదు, ఆగితేనే భయం. మధ్యలో ఊపిరి నిలిచిపోతోంది. మళ్ళీ మొదలయ్యేదాకా నేను ఇటుపక్క మంచం మీద లేచి కూర్చుంటున్నాను.”

“మీరెందుకండీ లేవడం?”

“పడుకుంటే నిద్ర పట్టదు కదా. దాన్ని స్లీప్ అప్నియా అంటారు. నిద్రలో గొంతు దారి మూసుకుపోవడం. ఆవిడను క్లినిక్కుకి తీసుకురండి. కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం ఉంటుంది. రాత్రిపూట నోట్లో పెట్టుకుంటే దారి తెరుచుకుంటుంది.”

ఒకసారి పెళ్ళివారింట్లో ఉష్ మేడమ్ నిద్రపోతే, ఆ గదిలోని ఆడవాళ్ళంతా దుప్పట్లు చుట్టుకుని వరండాలోకి వలస పోయారు. తనకిక పెళ్ళి రాసిపెట్టి లేదని ఆ రోజే తీర్మానించుకుంది. ఇప్పుడీ మెట్ల మీది పలకరింపులు కూడా పోతాయేమోనని ఆమె బెంగ.

“నాకు గురకేమిటే?” అంది నాయనమ్మ, ఇంట్లో ఆ సంగతి వినగానే. “నీ గురకకి చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేదాన్ని.”

“ఒక్కసారి నీ మీద వేసుకో నాయనమ్మా. పరికరం నీ పేరున తెచ్చుకుని నేను పెట్టుకుంటాను. ఆయనకి తెలిస్తే... అదే, పక్కింటివాళ్ళం కదా.”

“అవునవును, పక్కింటివాళ్ళం,” అని నాయనమ్మ కళ్ళు చికిలించింది. “వేసుకుంటాలే. చిన్నప్పుడు నువ్వు పగలగొట్టిన గ్లాసులన్నీ నా ఖాతాలోవేగా.”

క్లినిక్కులో నాయనమ్మ కుర్చీ ఎక్కి దర్జాగా నోరు తెరిచింది. డెంటిస్టు లైటు వేసి చూశాడు. వంగి చూశాడు. అటువైపు తిరిగొచ్చి కూడా చూశాడు.

“పళ్ళేవి మామ్మగారూ?”

“సెట్టు ఇంట్లో డబ్బాలో ఉంది నాయనా. బయటికొస్తే పాడైపోతుందని పెట్టుకోను.”

“మరి పరికరం దేన్ని పట్టుకుని నిలబడాలండీ? ఎవరి పళ్ళ అచ్చుతో చేస్తే అది వాళ్ళకే సరిపోతుంది.”

“మా మనవరాలి పళ్ళు బాగుంటాయి. దాని అచ్చు తీసెయ్యి.”

డెంటిస్టు మెల్లగా తలతిప్పాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే ఉష్ మేడమ్ భుజాలు తడుముకుంటూ, గోడ మీద పళ్ళు తోముకుంటున్న మొసలి బొమ్మను దీక్షగా చూస్తోంది.

ఆయనకింకా అర్థం కాలేదు. “పళ్ళు లేకపోతే వేరే దారి ఉంది మామ్మగారూ. ముక్కుకు మాస్కు కట్టి గాలి పంపే మెషీను. ఇప్పుడే ఆసుపత్రికి రాసిస్తాను,” అని కలం తీశాడు.

“గ్లాసులంటే మోశాను గానీ,” అంది నాయనమ్మ మనవరాలి వైపు చూసి, “మాస్కంటే ఆలోచించాలే.”

“గురక నాదండీ,” అంది ఉష్ మేడమ్, మొసలితో.

డెంటిస్టు నవ్వలేదు. కలం మూత పెట్టి, “అయితే ఇన్నాళ్ళూ ఊపిరి ఆగింది మీకా?” అన్నాడు. ఆ గొంతులోని కంగారు విని ఆమె మొసలిని వదిలి ఆయన వైపు తిరిగింది.

నిద్ర డాక్టరు పరీక్ష చేసి, ఈమెకు దంతాల పరికరం సరిపోతుందని తేల్చాక, మళ్ళీ అదే క్లినిక్కులో ఈసారి ఆమె కుర్చీ ఎక్కింది. డెంటిస్టు గులాబీరంగు ముద్ద నింపిన ట్రేను పై పళ్ళకు నొక్కి పట్టుకున్నాడు.

“గట్టిపడేదాకా కదలకూడదు. మాట్లాడకూడదు.”

ఆ మాట చెవిన పడగానే నాయనమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. “నాయనా, మా పిల్లకి నువ్వంటే ఇష్టం.”

“ఊఁ ఊఁ,” అంది మనవరాలు.

“కదలకండి,” అన్నాడు డెంటిస్టు. ఆయన చెవులు కూడా గులాబీరంగుకి తిరిగాయి.

“నీ స్కూటరు చప్పుడు వింటే చాలు, చెత్తబుట్ట పట్టుకుని బయటికి పరిగెడుతుంది. బుట్టలో చెత్త ఉండదు.”

మింగలేక కక్కలేక అన్న మాట పెద్దలు ఎందుకు పుట్టించారో ఉష్ మేడమ్‌కి ఆ క్షణాన పూర్తిగా బోధపడింది. ఆమె కాలితో స్టూలును తన్నబోయింది.

“కదిలితే అచ్చు పాడవుతుందండీ.”

“చూశావా, డాక్టరే చెబుతున్నాడు. ఇంకోటి విను నాయనా. నువ్వు చొక్కా ఇస్త్రీ చేసుకోలేదని మొన్న దీనికి అన్నం సయించలేదు.”

చివరికి ట్రే బయటికొచ్చింది. గడ్డానికి ముద్ద అంటుకునే ఉంది. నాయనమ్మ చెప్పిందంతా అబద్ధమనడానికి నోరు ఖాళీగానే ఉంది. కానీ డెంటిస్టు కళ్ళెత్తి ఆమెను చూడలేకపోతున్నాడు. ట్రేను అటూ ఇటూ తిప్పుతూ, “పై వరస బాగా వచ్చింది,” అన్నాడు. “కింది వరసకు ఇంకో ట్రే పెట్టాలి. ఏదైనా చెప్పదలిస్తే ఇప్పుడే చెప్పండి. నా ఉద్దేశం అడిగితే, పరికరం వచ్చాక మీ గురక వినబడదు. మీ ఊపిరి సంగతి తెలియాలంటే గోడకి అటుపక్క నుంచి కుదరదు. దగ్గరుండాలి. జీవితాంతం.”

ఉష్ మేడమ్ నాలుకతో పళ్ళు తడుముకుంది.

“బుట్టలో ఒకసారి చెత్త ఉందండీ,” అంది. “మిగతాదంతా నిజమే.”

డెంటిస్టు బుగ్గ సొట్టపడింది. నాయనమ్మ ఫోను తీసి, “మీ అమ్మగారి నంబరు చెప్పు నాయనా,” అంది. ఆయన రెండో ట్రే పెడుతూనే ఒక్కో అంకె చెప్పాడు.

కదలకండి అని ఈసారి ఆయన చెప్పాల్సిన పని పడలేదు.