నలభై ఏడు సెకన్ల నిశ్శబ్దం

నిశ్శబ్దాన్ని కూడా దొంగిలించొచ్చంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నేను మాత్రం అలా దొంగిలించిన ముక్క మీదే పదకొండేళ్ళు బతికాను.

నా పని మాటల్ని శుభ్రం చేయడం. ఎవరైనా కెమెరా ముందు కూర్చుని మాట్లాడితే అందులో దగ్గులూ, కుర్చీ కిర్రుమనడాలూ, వీధిలో హారన్లూ అన్నీ ఏరి పారేస్తాను. అయితే దగ్గు తీసేసిన చోట ఉత్త ఖాళీ వదిలితే చెవికి గుంట తగిలినట్టు ఉంటుంది. ఏ గదీ పూర్తిగా మౌనంగా ఉండదు మరి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. అందుకే షూటింగ్ అవగానే "ఒక్క నిమిషం ఎవరూ కదలకండి" అని అందర్నీ ఉన్నచోటే నిలబెట్టి, ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటాం. తర్వాత గుంట పడిన చోటల్లా దాన్ని అతికిస్తాం. చొక్కా చిరిగితే అదే రంగు గుడ్డతో మాసిక వేస్తారు చూడండి, అలాంటి పనే.

నన్నందరూ పాముచెవులు అంటారు. చీమ నడిచినా వినపడుతుందని. ఆ పేరు పెట్టింది పెద్దాయన.

పెద్దాయనంటే పాటల కంపెనీ యజమాని. ముప్ఫై ఏళ్ళుగా ఎవరి గొంతు లోకం వినాలో, ఎవరి గొంతు వినకూడదో ఆయనే తేల్చేవాడు. ఇప్పుడు ఆయన మీద మూడు భాగాల డాక్యుమెంటరీ తీస్తున్నారు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు కెమెరా ముందుకొచ్చి, ఆ స్టూడియోలో తమకేం జరిగిందో చెప్పారు. వాళ్ళ మాటలు శుభ్రం చేసే పని నాకొచ్చింది. వచ్చిందేమిటి, నేనే అడిగి పుచ్చుకున్నాను. ఎవరేం చెప్పారో, అందులో నా ఊసు ఉందో లేదో ముందే తెలుసుకోవాలిగా. దొంగ చేతికి తాళాలిచ్చారు పాపం.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. నా గదికి కిటికీలు ఉండవు, కాబట్టి మధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా ఒకటే. గోడలకి స్పాంజి, కింద తివాచీ, వేడెక్కిన మెషీన్ల వాసన, చల్లారిన టీ. డైరెక్టరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి.

"సర్, ఇది ఆఖరిది. ఆ చనిపోయిన అమ్మాయి వాళ్ళ అక్క. సాయంత్రం ఆరింటికల్లా పంపేయాలి. దగ్గులు తీసేయండి చాలు."

తెరమీద ఒకావిడ. ఒళ్ళో చేతులు పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడుతోంది.

"మా చెల్లి ఆ రోజు పాడ్డానికే వెళ్ళింది. అద్దం అవతల సౌండు చూసుకునే అన్న ఒకడున్నాడట. రికార్డింగు నడుస్తూనే ఉందట. చెల్లి ఆ అన్నని పిలుస్తూనే ఉందట. అతనికి వినపడింది. తర్వాత ఎప్పుడూ పాడలేదు మా చెల్లి."

డైరెక్టరమ్మ తెర ఆపింది. "ఆ మనిషొక్కడు దొరికితే పెద్దాయన మీద కేసు నిలబడుతుంది సర్. మీరా రోజుల్లో స్టూడియోలన్నీ తిరిగారుగా. ఎవరో ఏమైనా తెలుసా?"

"తెలీదమ్మా," అన్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అక్కడ నేను చేసింది ఏడు నెలలే. జీతం చేతికిచ్చేవాళ్ళు, పేరు ఎక్కడా వేసేవాళ్ళు కాదు. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. పాడేముందు పుదీనా గొంతుబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి నాకిచ్చేది. "నువ్వూ వేసుకో అన్నా, నీదీ గొంతేగా" అనేది. ఆ రోజు పెద్దాయన పాడే గదిలోకి వెళ్తూ, "ఒరే పాముచెవులూ, నువ్వెళ్ళి టీ తాగిరా" అన్నాడు. నేను వెళ్ళలేదు. టీ తాగడానికి వెళ్ళాననే అందరికీ చెప్పాను గానీ, వెళ్ళలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. గంటా పన్నెండు నిమిషాలు. నా చేతికి తలుపు నాలుగడుగుల దూరం.

మర్నాడు నాచేతే అదంతా చెరిపించారు. ఆ పై నెలలోనే నాకు పెద్ద కంపెనీలో పని ఇప్పించారు. రెండు నెలలకి ఆ పిల్ల పోయింది. ఎలా పోయిందో పేపర్లో చదివి, పేపరు మడిచి, భోజనం చేశాను.

కానీ అంతా చెరపలేదు. చిట్టచివర, అందరూ వెళ్ళిపోయాక, ఖాళీ గది నిశ్శబ్దం నలభై ఏడు సెకన్లు మిగిలింది. అబ్బ, ఏం నిశ్శబ్దమండీ అది! అంత ఖరీదైన గది ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. చెరపబుద్ధి కాలేదు. వృత్తి బుద్ధి, కక్కుర్తి. దాచుకున్నాను. ఏ గదికైనా ఇట్టే అతికేది, అప్పటినుంచి నేను ఎక్కడ మాసిక వేసినా ఆ ముక్కే. సబ్బుల ప్రకటనల్లో, పిల్లల కథల్లో, ఆఖరికి మా అమ్మాయి మొదటిసారి పాడిన పాట కింద కూడా అదే పరిచాను.

మా అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిది. బాగా పాడుతుంది. పాడేముందు మూడుసార్లు గొంతు సవరించుకుని, సన్నగా ఒక్క స్వరం కూనిరాగం తీస్తుంది. గోడ అవతల్నుంచైనా గుర్తుపడతాను.

రెండింటికి ఫోను మోగింది. పెద్దాయన మేనేజరు.

"ఏంటయ్యా పాముచెవులూ, బావున్నావా? ఆ అక్క ఏదో సౌండు మనిషి గురించి వాగిందట కదా. ఆ నాలుగు మాటలూ దగ్గుతోపాటు ఎగిరిపోతే నీకూ మంచిది, మాకూ మంచిది."

గది తలుపు సరిగ్గా మూసి ఉందో లేదో చూశాను.

"అన్నట్టు మీ అమ్మాయి నాలుగింటికి మన దగ్గరికొస్తోంది. పెద్దాయన స్వయంగా వింటానన్నారు. మీ ఆవిడ నీకు చెప్పలేదా? తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకుంది కాబోలు."

"ఆ గదిలోనా?"

"ఇంకే గదుందయ్యా మనకి?"

"మాటలు తీసేస్తాను. తలుపు... తలుపు తీసే ఉంచుతారుగా?"

"ఛఛ, మన పిల్ల కాదూ!" నవ్వి పెట్టేశాడు.

ఇంటికి ఫోను చేసి "పంపకు" అంటే చాలు. మూడే అక్షరాలు. కానీ మా ఆవిడ "ఎందుకు?" అంటుంది. అన్నాక జవాబు చెప్పాలి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. బల్లమీద పెట్టాను. మళ్ళీ తీసుకుని మళ్ళీ పెట్టాను. నేను వాళ్ళ పని చేసిపెడితే వాళ్ళు నా పిల్లని ఏమీ అనరులే అనుకున్నాను. థూ నా బతుకు!

ఆ మాటలు కోసేశాను. పదకొండు సెకన్ల గుంట పడింది. దానిమీద నా నిశ్శబ్దం అతికించి విన్నాను.

"మా చెల్లి ఆ రోజు పాడ్డానికే వెళ్ళింది."

నిశ్శబ్దం.

"తర్వాత ఎప్పుడూ పాడలేదు మా చెల్లి."

ఎక్కడా అతుకు తెలీలేదు. కానీ మధ్యలో... ఎవరో గుటక మింగారు.

ఆ ముక్కని నేను వేలసార్లు విన్నాను. అందులో గుటక లేదు. అసలు ఫైలు తెరిచాను. నలభై ఏడు సెకన్లు ఉండాలి. యాభై రెండు చూపిస్తోంది. మెషీనుకి పిచ్చెక్కి ఉంటుందని ఆపి, మళ్ళీ తెరిచాను. నిమిషం మీద నాలుగు సెకన్లు.

గదిలో ఏదో వాసన. ముందు పోల్చుకోలేదు. తర్వాత నోరు చల్లబడింది. గొంతుబిళ్ళ వాసన...

గడియారం చూశాను. నాలుగూ పది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆ పాడే గది తలుపు అంచుకి రబ్బరు ఉంటుంది. మూస్తే చప్పుడు రాదు. చెవులు దిమ్మెక్కుతాయి అంతే. నా చెవులు దిమ్మెక్కాయి.

తలుపు మూశారు.

అడుగులు. మెత్తటి అడుగులు. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒకసారి... రెండుసార్లు... మూడుసార్లు. సన్నగా కూనిరాగం.

మా అమ్మాయి.

ఆ స్వరం మీదే ఇంకో గొంతు కలిసింది. పక్కనే, భుజం రాసుకుంటూ నిలబడినంత దగ్గరగా.

"అన్నా... వింటున్నావా?"

హెడ్‌ఫోన్లు చెవులకి అదిమి పట్టుకున్నాను.

"ఎవర్ని పిలుస్తున్నావక్కా?" మా అమ్మాయి గుసగుస. "అటువైపు ఎవరూ లేరుగా."

"ఉన్నాడు. వింటాడు. రాడు, అంతే."

హెడ్‌ఫోన్లు పీకి విసిరికొట్టాను. ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడే ఎత్తింది.

"అమ్మాయేదే? అమ్మాయెక్కడా?"

"ఎందుకండీ ఆ అరుపులు? ఇంట్లోనే ఉంది. గొంతు పట్టేసిందని పొద్దున్నుంచీ పడుకునే ఉంది. పెద్దాయన దగ్గరికి వెళ్ళాల్సింది పాపం, రానని చెప్పించేసింది."

కింద కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. సిగ్గెందుకు, వెక్కివెక్కి ఏడ్చాను. నా పిల్ల ఇంట్లో ఉంది. వెళ్ళలేదు. ఇంక నన్నెవడూ ఏం చేయలేడు. ఆ మాటల్ని మళ్ళీ వాటి చోట పెట్టేయొచ్చు. డైరెక్టరమ్మని పిలిచి "ఆ అన్న నేనేనమ్మా" అనొచ్చు. ఆరింటికి ఇంకా గంటన్నర ఉంది.

అప్పుడే ఫోనులో మేనేజరు మెసేజి పడింది. 'మీ అమ్మాయి ఎంత బాగా పాడుతోందయ్యా. పెద్దాయన ఇంకా వదలట్లేదు.'

వెధవ, బెదిరించడానికే అనుకున్నాను. నా పిల్ల నా ఇంట్లో ఉందిగా. ఇంక భయమేమిటి? కానీ నిజం చెప్పాలంటే నోరు రావాలి కదండీ. పదకొండేళ్ళ అలవాటు. ఐదింటికి డైరెక్టరమ్మ వచ్చి "అయిందా సర్?" అంది.

"అయిందమ్మా," అన్నాను. కోసిందే పంపేశాను. మాటలు పోయినట్టు ఆమె ఎప్పుడు గమనిస్తుందో, గమనించినా నన్నేమంటుందో ఆలోచించుకుంటూ ఇంటికి బయల్దేరాను.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ వంటింట్లో ఉంది. వీధిలో పిల్లలు అరుస్తున్నారు. పక్కింట్లో టీవీ మోగుతోంది. అమ్మాయి గది తలుపు తీశాను.

అన్నీ ఆగిపోయాయి.

పిల్లల అరుపులు లేవు. టీవీ లేదు. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, దానికి చప్పుడు లేదు. అడుగు వేశాను, నా అడుగు నాకే వినపడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలియనిదా? దాని అంగుళం అంగుళం నాకు తెలుసు. అది ఆ గది నిశ్శబ్దం.

అమ్మాయి మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. ఏదో అంది. పెదవులు కదిలాయి. గదినిండా గొంతుబిళ్ళల వాసన.

"ఏంటమ్మా?" అన్నాను. నా మాట కూడా వినపడలేదు.

వెనక నుంచి మా ఆవిడ వచ్చి, ఏదో అని, పకపకా నవ్వింది. నవ్వడం కనపడింది. ఆవిడకి అమ్మాయి మాటలు వినపడుతున్నాయి. అందరికీ వినపడుతున్నాయి. నాకే.

ఇది జరిగి రెండు నెలలైంది. అమ్మాయి దగ్గర లేనప్పుడు నాకు చీమ నడిచినా వినపడుతుంది. డాక్టర్లు నా చెవులు పరీక్షించి, ఈ వయసులో ఇంత మంచి చెవులు చూడలేదన్నారు. డాక్యుమెంటరీ మూడు భాగాలూ వచ్చాయి. అక్క మాటల్లో కోత సంగతి డైరెక్టరమ్మ కనిపెట్టేసరికి ప్రసారమైపోయింది. నా మొహాన ఉమ్మేసినంత పని చేసి వెళ్ళిపోయింది. పెద్దాయన తరఫువాళ్ళు "సాక్షి ఎవడు? చూపించండి" అని అడుగుతున్నారు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు.

మా అమ్మాయి పాడుతూనే ఉంది. జనం చప్పట్లు కొడతారు. నేను ముందు వరసలో కూర్చుని దాని పెదవులు చూస్తాను. దాని గొంతు నాకు వినపడేది ఒక్కచోటే. ఆ ఫైల్లో. చెరిపేశాను, నాలుగుసార్లు. మర్నాడు మళ్ళీ ఉంటుంది. ఇంకొంచెం పెరిగి ఉంటుంది.

మొదటి వారం పది నిమిషాలు. నెలకి ముప్ఫై అయిదు. ఇవాళ పొద్దున తెరిస్తే గంటా ఎనిమిది నిమిషాలు. అన్నీ అవే, వరసగా అవే. ఆ రోజు ఆ గదిలోవి, నేను చెరిపిన చప్పుళ్ళే. గొంతు మాత్రం మా అమ్మాయిది. గంటా పన్నెండుకి ఇంక నాలుగు నిమిషాలే బాకీ. ఆ నాలుగు నిమిషాల్లో ఏముందో నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందటే విన్నాను.

మా ఆవిడ ఊళ్ళో లేదు. అమ్మాయి ఇప్పుడే తయారై గుమ్మం దగ్గరికొచ్చింది. చెప్పులేసుకుంటోంది. వీధిలో చప్పుళ్ళన్నీ పోయాయి.

"ఎక్కడికమ్మా?" అని అడిగాను.

నావైపు తిరిగి, నవ్వుతూ, ఎక్కడికో చెప్పింది.