పీర్ సాహెబ్ సున్నిపిండి పుస్తకం

అత్తరు కొట్టుతో పాటు పీర్ సాహెబ్ కూడా కాలిపోయి మూడు రోజులైంది. షార్ట్ సర్క్యూట్ అని బందరులో అందరూ అనుకున్నారు. అది హత్యేనన్న సంగతి గూఢచారి తాతారావుకి మధ్యాహ్నం రెండింటికి, గుడివాడ బస్టాండులో ఫోన్ మోగాక తెలిసింది.

"ఏ వేషంలో ఉన్నారు?" చీఫ్ పిచ్చేశ్వరరావు గొంతు.

"కుంకుడుకాయల వ్యాపారి. కాళ్ళ దగ్గర బస్తా ఉంది. నడుం నొప్పి కూడా ఉంది."

"నొప్పి సంగతి రిపోర్టులో రాయండి. ముందు బ్రీఫింగ్ వినండి."

వెర్డాన్ అని ఒక విదేశీ ముఠా. పైకి కాస్మెటిక్స్ కంపెనీ. పెసరపిండి, కస్తూరి పసుపు, బావంచాలు, కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు కలిపిన మన సున్నిపిండిని తామే కనిపెట్టామని తమ దేశంలో పేటెంట్‌కి పెట్టారు. అది వాళ్ళ చేతికొస్తే మోపిదేవిలో నలభై మంది ఆడవాళ్ళు దంచి ఎగుమతి చేసే పొడి అక్కడి రేవులోనే ఆగిపోతుంది. అభ్యంతరం పంపడానికి గడువు మన టైములో ఇవాళ సాయంత్రం ఐదు. సాక్ష్యం ఒక్కటే. పీర్ సాహెబ్ పూర్వీకుడు 1841లో రాసుకున్న పుస్తకం. అందులో తేదీ ఉంది, పాళ్ళున్నాయి, సంతకం ఉంది. దాన్ని మాయం చెయ్యడానికే కొట్టుకి బయట గొళ్ళెం పెట్టి తగలబెట్టారు. పుస్తకం మాత్రం ఆయన చెల్లెలు రహీమా ఇంట్లో ఉంది.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించనంది. ఇవాళే ఒప్పుకుంది. కోడ్ చెప్పినవాళ్ళకే ఇస్తుంది. 'కుంకుళ్ళు పాతవే, నురగ బాగా వస్తుంది.' కాటుక భరిణె తెచ్చుకున్నారా?"

"జేబులో ఉంది." దాని మూత కింద స్కానర్ కెమెరా. "కోడ్ ఇంకెవరికి తెలుసు?"

"శ్రీలలితకి. బందరులోనే ఉంది, మీకు బ్యాకప్‌గా."

శ్రీలలిత ఫోన్‌లో అందం గురించి వీడియోలు చేస్తుంది. ఇరవై లక్షల మంది ఫాలోయర్లు. వెర్డాన్‌కి బ్రాండ్ అంబాసిడర్‌గా ఉంటూ, లోపలి కబుర్లు రెండేళ్ళుగా తాతారావుకి చేరవేస్తోంది. ఆమెను ఈ పనిలోకి దింపిందీ, నేర్పిందీ అతనే. తను రిటైరైతే తన సీట్లో కూర్చోబెట్టాలని కూడా అనుకున్నాడు.

బస్సు గుడ్లవల్లేరులో ఆగి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్ని ఎక్కించుకుంది. బస్తా ఒళ్ళోకి వచ్చింది. బందరు చేరేసరికి నాలుగు దాటింది.

రహీమా తలుపు ఓరగా తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"కుంకుళ్ళు పాతవేనండీ, నురగ బాగా వస్తుంది."

ఆమె తెల్లబోయింది. "ఈ మాటే చెప్పి ఇందాక ఒకమ్మాయి పట్టుకెళ్ళింది కదా బాబూ! తెల్లగా, సినిమా మనిషిలా ఉంది. అన్నయ్య పోయాడని నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా."

తాతారావు గుమ్మం మీదే కూర్చుండిపోయాడు. కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఆమె ఫోన్ మంగినపూడి వైపు కదులుతోంది," అన్నాడు పిచ్చేశ్వరరావు. "సారీ, తాతారావు గారూ."

బస్తా అక్కడే వదిలేసి ఆటో ఎక్కాడు.

బీచ్‌లో, జనానికి దూరంగా, ఒక ఫైబర్ బోటు ఆగి ఉంది. అందులో వెర్డాన్ మనిషి మార్టెన్. మోకాలి లోతు నీళ్ళలో శ్రీలలిత, గుడ్డలో చుట్టిన పుస్తకంతో. టైము నాలుగూ నలభై ఐదు.

"శ్రీలలితా!"

ఆమె వెనక్కి తిరిగింది. "వెనక్కి వెళ్ళిపోండి సార్. ఇది పాత కాగితం. దీనికోసం మీరు ప్రాణం పోగొట్టుకోకండి."

"పోయింది ఒక ప్రాణం. పీర్ సాహెబ్ కొట్లోనే పడుకుంటాడని వీళ్ళకి తెలుసు."

"లేదు. ఆయన పోవడం ప్రమాదం. లోపల ఎవరూ లేరనుకున్నారట."

"ఎవరు చెప్పారు?"

ఆమె మార్టెన్ వైపు చూసింది. "బయట గొళ్ళెం పెట్టి తగలబెట్టారమ్మా," అన్నాడు తాతారావు. "గొళ్ళెం పోలీసుల దగ్గరుంది. కావాలంటే చూపిస్తాను."

ఇంగ్లీషులో ఆమె ఏదో అడిగింది. మార్టెన్ నవ్వి చెయ్యి చాపాడు. ఆమె పుస్తకాన్ని గుండెలకి అదుముకుంది. అతను పిస్టల్ తీశాడు.

తాతారావు పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ పరుగు. ఎదురొచ్చిన అలతో పాటే బోటు ముందుభాగాన్ని భుజంతో పైకి తోశాడు. మార్టెన్ వెల్లకిలా సముద్రంలో పడ్డాడు. తూటా ఆకాశంలోకి పోయింది, పిస్టల్ నీళ్ళలోకి. కేకలు విని వలలు వదిలేసి పరుగెత్తుకొచ్చిన జాలర్లు నలుగురు అతన్ని ఒడ్డుకి ఈడ్చారు. తాతారావు నడుం కలుక్కుమంది. పుస్తకం శ్రీలలిత చేతుల్లోంచి జారి నీళ్ళలో తేలుతోంది.

నాలుగూ యాభై రెండు. ఒడ్డున ఆమె పేజీలు విప్పుతోంది. సిరా కరుగుతోంది. తేదీ ఉన్న పేజీ. భరిణె మూత తెరిచి క్లిక్. పాళ్ళు రాసిన పేజీ. క్లిక్. సంతకం సగం చెదిరింది. క్లిక్.

ఫోటోలు భరిణెలోంచి తాతారావు ఫోన్‌లోకి చేరాయి, కానీ సిగ్నల్ ఒక్క గీత. అప్‌లోడ్ ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది. నాలుగూ యాభై ఏడు.

"నా హాట్‌స్పాట్ వాడండి," అంది ఆమె. "బోటుకి దారి చూపించడానికి వాళ్ళే ఇచ్చారు, శాటిలైట్ సెట్."

అరవై. ఎనభై ఎనిమిది. అక్కడ అర నిమిషం నిలబడింది. వంద.

'అందింది' అని పేటెంట్ ఆఫీసు పంపిన మెసేజ్ మీద టైము 4:59.

ఇద్దరూ ఇసకలో చతికిలబడ్డారు.

"ఎందుకమ్మా?" అడిగాడు.

"మా అమ్మ నాంచారమ్మ మోపిదేవిలో ఆ పొడే దంచుతుంది సార్. చేతులు పుళ్ళు పడిపోయాయి. నన్ను పెద్ద స్టార్‌ని చేస్తామన్నారు, అమ్మని రోకలి దగ్గర్నుంచి లేపొచ్చనుకున్నాను." ముఖం తుడుచుకుంది. మేకప్ చెరిగి, మామూలు దివిసీమ పిల్లలా ఉంది. "నన్ను వదిలేస్తారా?"

"లేదు. కానీ చివర్లో ఏం చేశావో రిపోర్టులో అదీ రాస్తాను."

చీఫ్ పంపిన పోలీసు జీపు వచ్చింది. ఎక్కబోతూ ఆమె అతని కాళ్ళకి దణ్ణం పెట్టింది. లేవనెత్తుదామని వంగబోయాడు. నడుం ఒప్పుకోలేదు.

ఆ రాత్రి తన ఇంట్లో రహీమా తడి పేజీల్ని ఫ్యాను కింద ఒక్కొక్కటే పరిచింది. అన్నయ్య ఉంటే ఎలా ఆరబెట్టేవాడో చెబుతూ మధ్యలో ఆగిపోయింది. తాతారావు కూడా పక్కన కూర్చుని పేజీలు అందించాడు. అన్నీ పరిచాక ఆమె అతని ముఖం వంక చూసి, లోపల్నుంచి ఒక చిన్న పొట్లం తెచ్చింది.

"ఎండకి మాడిపోయారు బాబూ. ఆదివారం పూట నలుగు పెట్టుకోండి. ముఖం మెరిసిపోతుంది."

"వద్దమ్మా," అన్నాడు తాతారావు, గోడ పట్టుకుని లేస్తూ. "ముఖం మెరిస్తే నలుగురూ గుర్తుపడతారు. నా ఉద్యోగం పోతుంది."