మూడుసార్లు లాగితే

మా ఊరి వెనక ఒక పెద్ద రాతిగుండు ఉంది. ఎక్కడానికి దారి లేదనుకునేరు. వెనకవైపు ఇనుప మెట్లు శుభ్రంగా ఉన్నాయి. మా డ్రిల్లు మాస్టారు మోకాళ్ళ నొప్పులతో కూడా ఎక్కేస్తారు. అయినా ఏడాది చివర సెలవులు మొదలయ్యే రోజు మేం నలుగురం ముందువైపు నుంచే, తాడు కట్టుకుని, వేళ్ళు గీరుకుపోతున్నా ఎక్కేవాళ్ళం. శిఖరం మీద గుడ్డ నక్షత్రం కట్టి, లోపల బ్యాటరీ దీపం వెలిగించి దిగేవాళ్ళం. ఊళ్ళో ఏ కిటికీలోంచి చూసినా కనబడేది.

"మెట్లెక్కి కడితే అది నక్షత్రమట్రా? పంచె ఆరేసినట్టుంటుంది," అనేవాడు టైలరన్న. దాన్ని కుట్టేది ఆయనే. దీపం సంగతి నాది, నేను కరెంటు పనివాణ్ణి. మాస్టారు, మేమిద్దరం కాక నాలుగోవాడు మా అక్క మొగుడు, బావ. నిండా జనంతో ఉన్న బస్సును ఘాట్ రోడ్డు మీద ఒంటిచేత్తో తిప్పుతాడు గానీ ఆ గుండు ఎక్కాలంటే సాకులు వెతుకుతాడు.

నలుగురం అన్నాను కదా. అది పోయినేడు మాట.

ముందువైపు ఎక్కడానికి మాకో పద్ధతుంది. మొదట చేరినవాడు పైన పాతి ఉన్న ఇనుప కడ్డీకి తనను కట్టుకుని, తాడు నడుముకు చుట్టుకుని, కిందవాణ్ణి కాస్తుంటాడు. గాలికి మాట సరిగ్గా వినబడదు కాబట్టి తాడుతోనే మాట్లాడుకోవాలి. శిఖరానికి నాలుగు బారల కింద ఒక రాతి అరుగు ఉంది. కిందవాడు దానిమీదికి చేరి తాడు మూడుసార్లు లాగితే, నిలబడ్డాను, ఇక వదిలెయ్ అని. అక్కణ్ణుంచి నడిచి వచ్చేయొచ్చు. మూడు లాగేదాకా మాత్రం తాడు వదలకూడదు. చిన్నపిల్లాడిక్కూడా అర్థమయ్యే పద్ధతి.

పోయినేడు పైన నేనున్నాను, తాడు మీద టైలరన్న. పొద్దు వాలిపోతోంది. ఆయన కూతురు కిటికీ దగ్గర కాచుక్కూర్చుని ఉంటుంది. ఇంకా దీపం పెట్టలేదని నాకు ఒకటే చిరాకు. కిందనుంచి గాలిలో తేలి వచ్చింది, "తొందరేం లేదు తమ్ముడూ!" అని. చొక్కా ఎప్పుడిస్తావని అడిగిన ప్రతివాడికీ ఆయన జవాబు అదే. తొందరపడితే కుట్టు ఊడుతుందనేవాడు. ఒక్క నిమిషమేగా అనుకుని నడుము నుంచి తాడు తీసి పక్కన పెట్టాను. బ్యాటరీ పెట్టాను. నక్షత్రం వెలిగింది. వెనక్కి తిరిగేసరికి తాడు జరజరా అంచు దాటి పోతోంది.

నా చేతికి అందలేదు.

అందరూ అడిగారు. మూడుసార్లు లాగాడు, అందుకే వదిలానన్నాను. టైలరన్న భార్య, వదిన, ఇంకాస్త గుచ్చి అడిగితే, "రెండు గట్టిగా, మూడోది మెల్లిగా," అని కూడా చెప్పాను. ఛీ, ఏం నోరది! ఆయన లాగలేదు. ఒక్కసారి కూడా లాగలేదు. ఊరేమో, "పాపం, అరుగు చేరకముందే తొందరపడి లాగేశాడట," అంది. జన్మలో ఒక్క కుట్టు తొందరపడి వెయ్యని మనిషిని! ఆ మాట కక్కలేక మింగలేక ఏడాదంతా తిరిగాను. ఆయన కొట్టు తగలకుండా చుట్టుదారిన పోయేవాణ్ణి. అక్క భోజనానికి పిలిచినా వెళ్ళలేదు, నలుగురు చేరితే ఆయన మాటే వస్తుందని భయం. ఒక్కణ్ణే వండుకుని, ఒక్కణ్ణే తిని, దీపం ఆర్పకుండా పడుకునేవాణ్ణి.

ఈ ఏడు ఇక మానేద్దామనుకున్నాం. కానీ వదినే నక్షత్రం కుట్టి పంపింది. పాప అడుగుతోందట. ఇంకేం మానతాం?

కిందనుంచి బావ తాడు పట్టుకుంటే నేను ఎక్కాను. పైకి చేరి కడ్డీకి కట్టుకుని, రమ్మని కేకేశాను.

"నా వల్ల కాదురా బామ్మర్దీ! తాడు వదిలేశా, లాక్కో! నేనూ మాస్టారూ మెట్లవైపు వస్తాం!"

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత దిగులేసింది. ఇంతలో మంచు కమ్ముకుంది. ముందు ఊరు పోయింది, తర్వాత పొలాలు, చివరికి నా కాళ్ళు కూడా మసకబారాయి. నక్షత్రాన్ని నా వెనక కడ్డీకి కట్టాను. బ్యాటరీ జేబులో ఉంది. ముందు తాడు చుట్టేద్దామని నడుముకు ఓ చుట్టు వేసుకుని లాగడం మొదలుపెట్టాను.

రెండు బారలు వచ్చి ఆగింది.

ఏ రాతిసందులోనో ఇరుక్కుందనుకున్నాను. కానీ ఇరుక్కున్న తాడు కదలదు. ఇది కదులుతోంది. కాస్త వదులవుతోంది... మళ్ళీ బిగుస్తోంది. కుడికి ఒక అడుగు... ఆగి, పైకి ఒక అడుగు. కింద మనిషి ఎక్కుతుంటే తాడు ఎలా ఉంటుందో నా చేతులకు తెలుసు.

"బావా!" అని అరిచాను.

"ఏంట్రా?" జవాబు వెనక మెట్లవైపు నుంచి వచ్చింది.

"మాస్టారు ఏరీ?"

"ఇక్కడే చచ్చానయ్యా! తొందరగా రా, టీ చల్లారిపోతోంది!"

ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మరి ఇటు...

మంచులోంచి వాసన వచ్చింది. కుట్టుమిషను నూనె వాసన. అంచు కింద ఎవరో ఆయాసపడుతున్నారు. నా చేతులు చెమటతో జారుతున్నాయి. వదిలేసి మెట్లవైపు పరిగెత్తాలనిపించింది. దీపం వెలిగించుకుంటే వెలుగైనా ఉంటుంది... ఒక్క నిమిషం చాలు... అదే ఒక్క నిమిషం.

వదల్లేదు. తాడు ఇంకో చుట్టు వేసుకున్నాను.

"తొందరేం లేదు..." బాగా దగ్గర నుంచి, గుసగుసగా. "తొందరేం లేదు తమ్ముడూ..."

తాడు కదిలింది. గట్టిగా ఒకటి. గట్టిగా రెండు.

మూడోది మెల్లిగా.

నేను చెప్పిన అబద్ధం ఎలా ఉందో, అచ్చం అలాగే. మూడు లాగితే వదలాలి. పద్ధతి అది.

"వదలనన్నా," అన్నాను ఏడుస్తూ. "ఈసారి వదలను."

అరుగు మీదనుంచి అడుగులు వినబడ్డాయి. రాతిమీద ఒట్టికాళ్ళ చప్పుడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నా భుజం పక్కనుంచి చల్లగా వెళ్ళి, వెనక ఎక్కడో ఆగాయి. ఎంతసేపలా ఉన్నానో తెలీదు.

భుజం మీద చెయ్యి పడితే కెవ్వుమన్నాను. బావ, చేతిలో టార్చి.

"ఎవరి కోసంరా తాడు పట్టుక్కూర్చున్నావు?" నా చేతుల్లోంచి తాడు తీసుకుని లాగాడు. నూలుపోగంత తేలిగ్గా వచ్చేసింది. నా ముఖంలోకి టార్చి వేసి చూశాడు. రెక్క పట్టుకుని దించేశాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

తిన్నగా వదిన ఇంటికి వెళ్ళాను. మిషను దగ్గర కూర్చుని ఏదో కుడుతోంది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"వదినా, అన్న పోయినేడు తాడు లాగలేదు. నేను అబద్ధం చెప్పాను. దీపం కోసం నేనే వదిలేశాను."

మిషను ఆగింది.

"రెండు గట్టిగా, ఒకటి మెల్లిగా అన్నావు," అంది. "ఆయన్ని తొందరమనిషి అన్నారందరూ. నేను కూడా తిట్టుకున్నాను. పోయిన మనిషిని రోజూ తిట్టుకున్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపు పదిమందిలో చెప్తావా ఈ మాట?"

"చెప్తాను."

"ఏడాది లేనిది ఇవాళెందుకు చెప్పావు?"

"ఇవాళ లాగాడు వదినా."

దీపం కూడా పెట్టకుండా వచ్చేశానని చెప్పబోయాను. అంతలో కిటికీ దగ్గర నుంచి పాప పిలిచింది.

"బాబాయ్, ఈసారి నక్షత్రం ఎంత బాగా వెలుగుతోందో చూడు!"

వెళ్ళి చూశాను. మంచు విడిపోయింది. గుండు మీద పసుప్పచ్చగా నక్షత్రం వెలుగుతోంది. చూస్తుండగానే ఠక్కున ఆరి వెలిగింది. మళ్ళీ ఠక్కున ఆరి వెలిగింది. మూడోసారి మెల్లిగా ఆరి, మెల్లిగా వెలిగింది.

జేబులో చెయ్యి పెట్టాను. బ్యాటరీ అక్కడే ఉంది. దాని కవరు కూడా ఇంకా చింపలేదు.