తొమ్మిదితో పోయే సంఖ్య

"అరవై రెండు మంది, ఫిలిప్." కరీంనగర్ ఆఫీసులో చీఫ్ మమతారాణి ఫైలు ముందుకు తోసింది. "శ్రీరాంపూర్ అవతల గనిల ఉంటరు. గాలి ఫ్యాన్లకు కంప్యూటర్ తాళం నువ్వు తయారుచేసిన సంఖ్యే. అది ఫారిన్ గ్యాంగు చేతిల పడ్డది. రెండు గంటలకు అటాక్. దాన్ని వేరే ఏ సంఖ్య భాగించినా తాళం ఊడుతది, ఫ్యాన్లు ఆగుతయ్."

"ఏదీ భాగించదు మేడమ్. ముప్పై ఏడు అంకెల ప్రధాన సంఖ్య."

ఏజెంట్ ఫిలిప్‌కు వినయం తప్ప అన్నీ ఉన్నాయి. రెండు రోజులు మెషీన్ మీద పరీక్షించానని మూడేళ్ల కిందట సంతకం కూడా పెట్టాడు.

ఒంటిగంట నలభై. మెట్‌పల్లిలో గ్యాంగు అద్దె గదికి ఎదురిల్లు ఫిలిప్ తల్లి మగ్దలేనమ్మది. ఆమె మిషన్ బడిలో లెక్కల టీచరుగా రిటైరైంది. తువ్వాళ్లు అమ్మేవాడి వేషంలో ఫిలిప్ ఆ అరుగెక్కాడు. చెవిలో శనగగింజంత ఇయర్‌పీసు. ఎదుటి గదిలో గ్యాంగు మధ్య నల్లకళ్లద్దాల క్యాథరిన్, రెండు వైపులా ఒకే అందంతో నవ్వే డబుల్ ఏజెంట్.

"మీసం వంకరున్నదిరా," అంటూ తల్లి మజ్జిగ ఇచ్చింది. అతని చేతిలో ఆ సంఖ్య రాసిన చీటీ చూసింది. "ఇరవై ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు... కొత్త నిబంధన పుస్తకాల అధ్యాయాల లెక్క గద. సండే స్కూల్ల నేను నేర్పిందే. ఆఖరున ఇరవై మూడేంది? ఆఖరి పుస్తకం ప్రకటనకు ఇరవై రెండే."

"సరి సంఖ్య అయితదని ఒకటి కలిపిన."

ఆమె అంకెలన్నీ వేళ్ల మీద కూడింది. "నూట ఇరవై ఆరు. మల్ల కూడితే తొమ్మిది. తొమ్మిదితో పోతది బిడ్డా. ఐదో తరగతి లెక్క. పరీక్షించలేదా?"

"లేదవ్వా. మెషీన్ కాడ క్యూ ఉండె. సంతకం పెట్టిన."

తల కొట్టేసినట్టయింది అతనికి. తల్లి ఖాళీ గ్లాసు తీసుకుంది.

ఇయర్‌పీసులో క్యాథరిన్ గుసగుస: "వీళ్లు గూడ అంకెలు కూడుతుండ్రు."

ఫిలిప్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "నంబర్ మార్చండి మేడమ్."

"ఊకెనే మార్చరాదు. కారణం చెప్పు."

శత్రువుకు కొత్త మెషీన్ వచ్చిందని చెబితే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తల్లి ఖాళీ గ్లాసు పట్టుకుని వింటోంది.

"అది ప్రధాన సంఖ్య కాదు. నేను పరీక్షించలే. దొంగ సంతకం పెట్టిన. మా అవ్వ వేళ్ల మీద లెక్కేసి పట్టింది."

ఫోన్లో చీఫ్ వేరే సంఖ్య కొడుతున్న కీబోర్డు చప్పుడు వినిపించింది.

"తొమ్మిది కొట్టిండ్రు," అంది క్యాథరిన్. "తెరుచుకోలే."

గంట రెండు కొట్టేసరికి పోలీసులు గ్యాంగు గది మెట్లెక్కుతున్నారు. గనిలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. కింద ఎవరికీ ఏమీ తెలియదు.

వారం తర్వాత కొత్త సంఖ్య ఫారం వచ్చింది. ఫిలిప్ తన పేరు రాసే గడి దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ కిందనే 'తనిఖీ చేసినవారు' అన్న గడి అప్పటికే నిండి ఉంది. చీఫ్ చేతిరాత: మగ్దలేనమ్మ, లెక్కల టీచర్, మెట్‌పల్లి.