వదిన అదిమిన గాయం

"అమ్మా...!" వాకిట్లోంచి ఆ కేక వినబడగానే రోహిణి పొయ్యి మీది అన్నం వదిలేసి పరుగెత్తింది.

భుయ్యాడీహ్‌లోని తెలుగువాళ్ళ బస్తీలో, ఆ ఇరుకు వాకిట్లో మరిది చంద్రశేఖర్ కిటికీ ఊచలు కోస్తున్నాడు. గ్రైండర్ బిళ్ళ పగిలి, ముక్క ఎగిరొచ్చి అతని తొడ మొదట్లో, గజ్జల దగ్గర చీల్చేసింది! గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు చిమ్ముతోంది...

అత్తగారు నూకమ్మ తాడు పట్టుకొచ్చింది. "కాలికి బిగించి కట్టెయ్యే!"

"లాభం లేదత్తమ్మా! దెబ్బ తొడకి పైన తగిలింది. తాడు కట్టడానికి సోటేదీ?"

రోహిణి అంబులెన్సులో పనిచేస్తోంది. పరాయి మగాళ్ళ ఒళ్ళు ముట్టుకునే కోడలని నూకమ్మ ఆమెను ఎన్ని మాటలందో! అవన్నీ మింగుకున్న రోహిణి, ఇప్పుడు నలుగురి ఎదుటా మరిది ప్యాంటును కత్తెరతో చీల్చేసింది.

"ఏటి సేత్తన్నావే! ఈదంతా సూత్తన్నాది!"

రోహిణి చేయి ఒక్క క్షణం ఆగింది... అంతే! "సూడనియ్యండి! ఆ ఉతికిన పంచె ఇలాగియ్యండి! ఎవరైనా 108కి ఫోన్ సెయ్యండి!"

నెత్తురు చిమ్మే చోటును వేళ్ళతో వెతికి పట్టుకుని, చింపిన పంచెను గాయం లోపలికంటా కూరింది. ఇక పట్టదనిపించాక రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా మోపింది.

"భాభీ... ఛోడ్ దో... బహుత్ దర్ద్..." వదిలెయ్యమని, నొప్పి ఓర్వలేనని ఆ ఊరి హిందీలో మూలిగాడు చంద్రశేఖర్.

"వదల్ను బాబూ! ఓర్చుకో..."

కాసేపటికి ఆ మూలుగూ ఆగిపోయింది. నూకమ్మ ముందుకు ఉరికింది. "నా కొడుకు పలకట్లేదే! ఒక్కపాలి సెయ్యి తీసి సూడే, నెత్తురాగిందో లేదో!" అంటూ కోడలి మణికట్టు పట్టి లాగింది.

"తీత్తే పోతాడత్తమ్మా!" రోహిణి ఇంకా గట్టిగా అదిమింది. "నన్ను కొట్టండి... రేపు ఇంట్లోంచి ఎల్లగొట్టండి... సెయ్యి మాత్రం తియ్యను!"

నూకమ్మ పట్టు సడలింది. కోడలి పక్కనే కూలబడి, కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది.

ఇరవై నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీదికి ఎత్తుతున్నా, దారిలో బండి ఎగిరెగిరి పడుతున్నా ఆ చేతులు గాయం మీదే ఉన్నాయి. ఆస్పత్రిలో డాక్టరు తన చేతులు ఆనించాకే రోహిణి పక్కకు తప్పుకుంది.

మూడు గంటల తర్వాత ఆ డాక్టరు బయటికొచ్చాడు. "రక్తనాళం కుట్టాం. ప్రాణానికి భయం లేదు. కాలి సంగతి రెండు రోజులు చూడాలి."

నూకమ్మ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తేరుకుని చూస్తే కోడలు బెంచీ మీద కూర్చుని ఉంది. కొంకర్లు పోయిన వేళ్ళు ఇంకా విచ్చుకోలేదు. నూకమ్మ పక్కన చతికిలబడి, నెత్తురు ఎండిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పి నిమరసాగింది.

"నొప్పెడతన్నాయేటమ్మా?"

ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట 'అమ్మా' అనే పిలుపు రోహిణి వినలేదు. అప్పటిదాకా తడవని ఆ కళ్ళు, ఒక్కసారిగా ధారలు కట్టాయి...!